స్ప్రింగును నమ్మని ఇంజినీరు: ఫాబియో తాల్యోని వదిలివెళ్లిన ఆస్తి

ఫాబియో తాల్యోని 1989లో ఇటలీ మోటారు సైకిళ్ల సంస్థ డుకాటి నుంచి విరమించారు. 1954లో చేరిన మనిషి 35 ఏళ్ల పాటు అక్కడే ఉండిపోయారు. ఈలోగా సంస్థకు పెద్దలు ఎందరో వచ్చారు, వెళ్లారు. ప్రభుత్వం చేతిలోని కర్మాగారం ప్రైవేటు యజమానుల పరమైంది. రేసుల్లోకి దిగడం, ఖర్చు భరించలేక మానుకోవడం, మళ్లీ దిగడం పలుమార్లు జరిగింది. డ్రాయింగు బల్ల దగ్గర మాత్రం మొదటి నుంచీ ఆయనే. వెళుతూ ఆయన సంస్థకు అప్పగించిన వాటిలో ముఖ్యమైనవి రెండు: స్ప్రింగు బలం మీద ఆధారపడకుండా మూసుకునే వాల్వు, 90 డిగ్రీల కోణంలో అమర్చిన రెండు సిలిండర్ల ఇంజిను. ఈ రెంటినీ పక్కన పెట్టడానికి తర్వాతి తరాల ఇంజినీర్లకు మంచి కారణాలే ఉన్నాయి. అయినా ఆయన వెళ్లి మూడు దశాబ్దాలు దాటినా వాటిని పూర్తిగా వదిలిపెట్టడం డుకాటి వల్ల కాలేదు. మోటారు సైకిళ్ల చరిత్రలో ఒక్క మనిషి ఆలోచన ఒక సంస్థను ఇంతకాలం నడిపించిన ఉదాహరణలు చాలా అరుదు.

తాల్యోని 1920 సెప్టెంబరు 10న ఉత్తర ఇటలీలోని రొమాన్యా ప్రాంతంలో, లూగో అనే పట్టణంలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం చదువుకు అడ్డుపడటంతో బొలోన్యా విశ్వవిద్యాలయం నుంచి ఇంజినీరింగు పట్టా అందుకునేసరికి 1948 వచ్చింది. మొదట చెక్కాతో, తర్వాత మొండియాల్ సంస్థల్లో చిన్న రేసింగు ఇంజిన్ల మీద పనిచేశారు. 1954లో సంస్థ పెద్ద జుసెప్పె మొంతానో ఆయనను డుకాటికి తీసుకువచ్చారు.

అప్పటి డుకాటి పరిస్థితి తెలిస్తే గాని ఆయన పని విలువ తెలియదు. 1926లో బొలోన్యాలో డుకాటి కుటుంబం పెట్టిన ఈ సంస్థ రేడియో కండెన్సర్లతో పేరు తెచ్చుకుంది. బోర్గో పానిగాలెలోని దాని కర్మాగారం 1944లో బాంబు దాడికి నేలమట్టమైంది. యుద్ధం ముగిశాక సంస్థ ప్రభుత్వ నియంత్రణలోకి వెళ్లింది. సైకిలుకు తగిలించుకునే ‘కూచొలొ’ అనే చిన్న ఇంజినును తయారుచేసి నిలదొక్కుకుంది. అది కూడా డుకాటి సొంత రూపకల్పన కాదు; తూరినోలో ఆల్దో ఫారినెల్లి తయారుచేసిన నమూనా. సొంతమని చెప్పుకోదగ్గ మోటారు సైకిలు ఇంజిను లేని చోటుకు, చేతిలో డబ్బులేని చోటుకు తాల్యోని వచ్చారు. పేరు రావాలంటే రేసులు గెలవాలి, అందుకు పెట్టే ఖర్చు స్వల్పంగా ఉండాలి. ఆ ఇరుకే ఆయన పద్ధతిని తీర్చిదిద్దింది.

1955లో వచ్చిన 98 సీసీ గ్రాన్ స్పోర్ట్ ఆయన డుకాటిలో గీసిన మొదటి ఇంజిను. ‘మరియాన్నా’ అన్న ముద్దుపేరుతోనే అది ప్రసిద్ధం. మన రోడ్ల మీద తిరిగే పాత బుల్లెట్‌లో వాల్వులను తెరిచే కామ్ కింద, క్రాంకు పక్కన ఉంటుంది. పొడవాటి పుష్‌రాడ్లు ఆ కదలికను పైకి మోస్తాయి. వేగం పెరిగే కొద్దీ ఆ రాడ్ల బరువే అడ్డంకి అవుతుంది. తాల్యోని కామ్‌ను సిలిండరు తల మీదికి తెచ్చారు. దాన్ని తిప్పడానికి గొలుసు వాడకుండా నిలువు ఇరుసు నిలబెట్టి, దాని రెండు కొసల్లో ఏటవాలు పళ్ల బెవెల్ గేర్లు పెట్టారు. ఖరీదైన ఏర్పాటే, కానీ కచ్చితత్వంలో దానికి సాటి లేదు. ఇటలీ చుట్టూ మామూలు రోడ్ల మీద జరిగే మోటోజీరోలో 1955లోనే మరియాన్నా తన తరగతిలో గెలిచింది. మిలానో నుంచి తరాంతో దాకా సాగే సుదీర్ఘ రేసులోనూ అదే జరిగింది. 1957 నాటి మిల్లె మిల్యా కారు ప్రమాదం తర్వాత ఇటలీలో ఇలాంటి రోడ్డు రేసులకు తెరపడింది. అప్పటికే మరియాన్నా తన పని తాను చేసేసింది: డుకాటి అన్న పేరు మోటారు సైకిళ్ల సరసన నిలబడింది.

తర్వాతి అడుగు చాలా పెద్దది. దాన్ని అర్థం చేసుకోవడానికి వాల్వు పనితీరును కొంచెం నిదానంగా చూడాలి. నాలుగు స్ట్రోకుల ఇంజినులో కామ్ వాల్వును నొక్కి తెరుస్తుంది, బిగువైన స్ప్రింగు దాన్ని వెనక్కి లాగి మూస్తుంది. క్రాంకు నిమిషానికి 9,000 సార్లు తిరిగితే ఒక్కో వాల్వు సెకనుకు 75 సార్లు తెరుచుకుని మూసుకోవాలి. ఒక స్థాయి దాటాక స్ప్రింగు ఆ వేగాన్ని అందుకోలేదు. వాల్వు కామ్‌ను వదిలేసి గాలిలో తేలుతుంది, పైకి వచ్చే పిస్టన్ దాన్ని గుద్దితే ఇంజిను అక్కడికక్కడే ముక్కలవుతుంది. స్ప్రింగును ఇంకా గట్టిది చేద్దామంటే దాన్ని అణచడానికే శక్తి వృథా అవుతుంది. పైగా 1950ల నాటి ఉక్కుతో చేసిన స్ప్రింగులు రేసు మధ్యలో విరిగిపోవడం మామూలు. తాల్యోని స్ప్రింగు మీద భరోసా పెట్టుకోవడమే మానేశారు. స్ప్రింగు తలుపు దానంతటదే మూసుకునేదాకా ఆగకుండా, తెరిచిన చేత్తోనే లాగి మూసినట్టు, వాల్వును తెరవడానికి ఒక కామ్, మూయడానికి మరో కామ్ పెట్టారు. దీన్నే డెస్మోడ్రోమిక్ పద్ధతి అంటారు. క్లుప్తంగా డెస్మో.

ఈ ఊహ ఆయన కనిపెట్టింది కాదు. 1914లోనే ఫ్రాన్స్‌కు చెందిన డెలాజ్ రేసు కార్లలో దీన్ని ప్రయత్నించారు. 1954, 1955 సంవత్సరాల్లో మెర్సెడెస్ డబ్ల్యూ196 కారు ఈ పద్ధతితోనే గ్రాండ్ ప్రీలు గెలిచింది. వాల్వుకూ రాకర్లకూ మధ్య ఖాళీని మిల్లీమీటరులో వందోవంతు లెక్కన సరిచూడాల్సి రావడంతో దీన్ని పట్టుకుని కొనసాగినవారు లేరు. మెర్సెడెస్ కూడా రేసులతో పాటే దాన్ని వదిలేసింది. తాల్యోని గొప్పతనం ఇక్కడ ఉంది: అపారమైన డబ్బున్న సంస్థలు ముచ్చటపడి పక్కనపెట్టిన యంత్రాంగాన్ని ఒక పేద కర్మాగారంలో, 125 సీసీ ఇంజిను తలలో ఇమిడేలా సరళం చేశారు. మూడు కామ్‌షాఫ్టులు వరసగా పెట్టారు. బయటి రెండూ వాల్వులను తెరుస్తాయి, నడుమది రెంటినీ మూస్తుంది.

1956 జూలైలో స్వీడన్‌లోని హెదెమోరాలో ఈ ఇంజిను తొలిసారి రేసులో దిగింది. జాన్ని దెగ్లి ఆంతోని దాన్ని నడిపి అందరికంటే ఎంతో ముందు గెలిచారు. ఆ సంతోషం నెల కూడా నిలవలేదు. ఆగస్టులో మోంజాలో సాధన చేస్తూ దెగ్లి ఆంతోని ప్రాణాలు కోల్పోయారు. ఇంజిను ఎదుగుదల అక్కడితో చాలాకాలం కుంటుపడింది. మళ్లీ పుంజుకున్నది 1958లో. ఆ ఏడాది మోంజాలో జరిగిన ఇటలీ గ్రాండ్ ప్రీలో 125 తరగతి మొదటి ఐదు స్థానాలూ డుకాటివే, గెలిచింది బ్రూనో స్పజ్జారి. ప్రపంచ టైటిలు మాత్రం ఎంవీ అగుస్తా నడిపిన కార్లో ఊబియాలికి దక్కింది, డుకాటి రేసరు అల్బెర్తో గాందోస్సి రెండో స్థానంతో సరిపెట్టుకున్నారు. మరుసటి ఏడు ఉత్తర ఐర్లండులోని అల్‌స్టర్‌లో ఈ 125 డెస్మో మీద ఒక కుర్రవాడు తన జీవితంలో తొలి గ్రాండ్ ప్రీ గెలిచాడు. పేరు మైక్ హెయిల్‌వుడ్. ఆ పేరు ఈ కథలో మళ్లీ వస్తుంది.

1960లలో డుకాటి గ్రాండ్ ప్రీల నుంచి తప్పుకుని ఒకే సిలిండరు రోడ్డు బండ్ల మీద బతికింది. అమెరికా పంపిణీదారు బెర్లినర్ కోరిక మీద తాల్యోని అపోలో అనే 1,256 సీసీ నాలుగు సిలిండర్ల వీ ఇంజినును గీశారు. సుమారు 100 హార్స్‌పవర్ ఇచ్చే ఆ బండి బరువునూ బలాన్నీ అప్పటి టైర్లు తట్టుకోలేకపోయాయి. రెండు నమూనాలతోనే పథకం ఆగింది. ఇక డెస్మో రేసుల గోడ దాటి మామూలు కొనుగోలుదారుల చేతికి రావడానికి 12 ఏళ్లు పట్టింది. 1968లో వచ్చిన మార్క్ 3 డెస్మోలో ఆయన మూడు కామ్‌షాఫ్టులను ఒక్కదానికి తగ్గించారు. ఇంజిను స్టార్టు అయ్యేటప్పుడు వాల్వు బిగువుగా కూర్చోవడానికి ఒక బలహీనమైన స్ప్రింగు ఉంచారు. డెస్మో ఇంజినును బజారులో అమ్మకానికి పెట్టి దశాబ్దాల తరబడి తయారుచేసిన మోటారు సైకిలు సంస్థ మరొకటి లేదు.

1970లో ఆర్నాల్దో మిల్వియో, ఫ్రెద్మానో స్పైరాని సంస్థ పగ్గాలు పట్టారు. జపాన్ నుంచి నాలుగు సిలిండర్ల హోండా 750 వచ్చి పెద్ద బండ్ల బజారును కుదిపేస్తున్న రోజులవి. దానికి దీటుగా పెద్ద బండి కావాలన్నారు. మార్చిలో తాల్యోని మొదటి గీతలు గీశారు, జూలై నాటికి ఇంజిను బెంచీ మీద నడిచింది. నాలుగు నెలల్లో కొత్త ఇంజిను పుట్టడం ఎలా సాధ్యమంటే, ఆయన దాదాపు అన్నీ అప్పటికే చేసిపెట్టుకున్నారు. ఒంటి సిలిండరు బండ్ల బెవెల్ గేర్లు, సిలిండరు తలల అనుభవం ఉంది. 90 డిగ్రీల కోణాన్ని అపోలో దగ్గరే లెక్కగట్టారు.

ఆ కోణాన్ని ఎంచుకోవడంలో ఆయన చూపు స్పష్టంగా కనిపిస్తుంది. సిలిండర్లో పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్ ఇంజినును వణికిస్తుంది. దాన్ని సరిచేయడానికి క్రాంకుకు ఎదురు బరువు తగిలిస్తారు. ఒకే సిలిండరు ఉంటే, పిస్టన్ ఊపును పూర్తిగా చంపేంత బరువు పెట్టినప్పుడు అదే బరువు పావు చుట్టు తిరిగేసరికి అడ్డంగా ఊపుతుంది. సరిగ్గా ఆ దిక్కున, 90 డిగ్రీల దూరంలో రెండో పిస్టన్ ఉంటే ఆ ఊపును అది మింగేస్తుంది. ప్రాథమిక ప్రకంపనలు అలా పూర్తిగా రద్దవుతాయి. ఇటలీలోనే మోటో గుజ్జి సంస్థ ఇదే కోణాన్ని వాడింది, కాకపోతే సిలిండర్లు బండికి ఇరువైపులా పొడుచుకు వచ్చేలా నిలబెట్టింది. తాల్యోని వాటిని బండి నిడివి వెంట పెట్టారు. ముందు సిలిండరు దాదాపు నేలకు సమాంతరంగా, వెనకది నిటారుగా ఉండటంతో ఇంజిను పక్క నుంచి చూస్తే ఆంగ్ల అక్షరం ‘ఎల్’లా కనిపిస్తుంది. బండి ఒంటి సిలిండరు బండి అంత సన్నగా ఉంది, రెండు సిలిండర్లకూ ఎదురుగాలి తగులుతుంది. ఇందుకు చెల్లించిన మూల్యం పొడవు. చక్రాల మధ్య దూరం పెరగడంతో ఇరుకు మలుపుల్లో బండి బద్ధకంగా తిరిగేది. పొడవాటి వేగపు మలుపుల్లో మాత్రం పట్టాల మీద ఉన్నంత స్థిరంగా సాగేది.

దాన్ని లోకానికి చూపించిన రోజు 1972 ఏప్రిల్ 23. బొలోన్యాకు దగ్గరలోని ఇమోలాలో రోడ్డు బండ్ల ఆధారంగా చేసిన 750 సీసీ యంత్రాలకు 200 మైళ్ల రేసు పెట్టారు. డుకాటి అద్దాల గోడలున్న లారీలో తన బండ్లను ఊరేగింపుగా తీసుకువచ్చింది. వాటి తలల్లో డెస్మో ఉంది గాని చట్రాలు రోడ్డు బండ్లవే. పాల్ స్మార్ట్ మొదట, స్పజ్జారి వెనువెంటనే గీత దాటారు. వాళ్ల వెనక మిగిలిపోయిన వారిలో ఎంవీ అగుస్తా నడిపిన మేటి రేసరు జాకొమో అగొస్తీని ఉన్నారు. తాల్యోని జీవితంలో ఇంతకంటే ముఖ్యమైన విజయం లేదనే చెప్పాలి. ఆ తర్వాత 1974లో వచ్చిన 750 సూపర్ స్పోర్ట్ డెస్మోలో తయారైనవి 401 మాత్రమే. సేకరించే వారికి నేటికీ వాటి మీద తగని మోజు.

1973 తర్వాత సంస్థ నాయకత్వం మారి రేసులకు డబ్బు ఆగిపోయింది. కార్ల రూపకర్త జుజారో 860 జీటీకి కొత్త రూపం ఇచ్చారు, అది జనానికి ఎక్కలేదు. సిలిండర్లు పక్కపక్కన ఉండే చవక నమూనా కూడా తయారై బోల్తాపడింది. తాల్యోనికి ఆ దారి నచ్చలేదు. ఈ గడ్డుకాలంలో పాత బెవెల్ ఇంజినే మళ్లీ పరువు నిలిపింది. 11 ఏళ్లుగా మాన్ దీవి టీటీ రేసులకు దూరంగా ఉన్న హెయిల్‌వుడ్ 38వ ఏట, 1978 జూన్‌లో అక్కడికి తిరిగివచ్చారు. మాంచెస్టరులోని ఒక డీలరు సమకూర్చిన 900 సీసీ డుకాటి మీద ఫార్ములా 1 రేసు గెలిచారు. 125 డెస్మో మీద మొదలైన అనుబంధం 19 ఏళ్ల తర్వాత ఇలా పండింది. ఆ బండికి ప్రతిరూపాలుగా చేసిన హెయిల్‌వుడ్ రెప్లికాలే తర్వాతి ఏళ్లలో సంస్థను పోషించాయి.

అయితే బెవెల్ ఇంజినుకు రోజులు దగ్గరపడ్డాయని తాల్యోనికే ముందుగా తెలుసు. పళ్ల మధ్య ఖాళీ సరిచేయడానికి పలుచని బిళ్లలను ఒక్కొక్కటిగా మార్చి చూసుకుంటూ, నేర్పున్న కార్మికుడు గంటల తరబడి కూర్చోవాలి. అలాంటి ఇంజినుతో జపాన్ ధరలను ఎదుర్కోలేరు. తాను 20 ఏళ్లు పెంచిన బెవెల్ గేర్లను ఆయన తన చేతులతోనే తీసేశారు. వాటి స్థానంలో పళ్లున్న రబ్బరు బెల్టులు పెట్టారు. అలా వచ్చిందే పాంతా. 1977లో ప్రదర్శించి, 1979లో అమ్మకానికి తెచ్చారు. 499 సీసీ, అదే 90 డిగ్రీలు, అదే డెస్మో. వెనక చక్రాన్ని మోసే చేయి నేరుగా ఇంజిను పెట్టెకే తగిలింది. సన్నటి గొట్టాల జాలీ చట్రం ఇంజినును పై నుంచి పట్టుకుంది. ఇంజినే చట్రంలో భాగమైంది. ఎంతో ఇష్టపడి చేసిన దాన్ని సమయం వచ్చినప్పుడు వదులుకోవడం, వదలకూడని దాన్ని గట్టిగా పట్టుకోవడం రెండూ పాంతాలో కనిపిస్తాయి. ఇమోలా బండి కంటే ఇదే ఆయన పరిణతికి అసలైన గుర్తు. దాని 600 సీసీ రేసు రూపం టీటీ2 మీద టోనీ రట్టర్ 1981 నుంచి 1984 వరకు వరుసగా నాలుగు ఫార్ములా 2 ప్రపంచ టైటిళ్లు గెలిచారు.

1985లో కాస్తిలియోని సోదరుల కాజీవా సంస్థ డుకాటిని కొనుక్కుంది. వాళ్లకు కావలసింది ప్రధానంగా ఈ ఇంజినే. ఇక వారసుడి వంతు. బొలోన్యాలోనే చదివిన మాసిమో బోర్ది నాలుగు వాల్వుల డెస్మో తల మీద విద్యార్థిగానే సిద్ధాంత పత్రం రాశారు. 1978లో డుకాటిలో చేరారు. రెండు వాల్వులు, గాలి చల్లదనం, సరళమైన కార్బురెటర్లు చాలన్నది తాల్యోని మార్గం. సిలిండరుకు నాలుగు వాల్వులు, నీటి చల్లదనం, ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ లేకుండా జపాన్‌తో పోటీ కుదరదన్నది బోర్ది మాట. ఇందులో బోర్దిదే న్యాయమని చరిత్ర తేల్చింది. 1986లో ఫ్రాన్స్‌లో జరిగిన 24 గంటల బోల్ దోర్ రేసులో దిగిన ఆయన నమూనా పూర్తి చేయలేకపోయింది గాని, అదే 851గా ఎదిగింది. 1990లో రేమండ్ రోష్ దాని మీద డుకాటికి తొలి వరల్డ్ సూపర్‌బైక్ టైటిలు తెచ్చారు. అయినా ఆ ఇంజిను లోపల చూస్తే సిలిండర్ల మధ్య 90 డిగ్రీలే, కామ్‌లను తిప్పేవి బెల్టులే, వాల్వులను మూసేది డెస్మోనే. గురువుతో విభేదించిన శిష్యుడు కూడా గురువు పునాది మీదే ఇల్లు కట్టాడు.

తాల్యోని విరమించాక ఆయన ఆస్తి రెండు పాయలుగా చీలింది. మొదటి పాయ బోర్ది నాలుగు వాల్వులది. మాసిమో తంబురీని రూపమివ్వగా 1994లో వచ్చిన 916 దీని శిఖరం. కార్ల్ ఫోగర్టీ 1994, 1995, 1998, 1999లలో నాలుగు సూపర్‌బైక్ టైటిళ్లు గెలిచింది ఆ వంశపు బండ్ల మీదే. రెండో పాయ గాలితో చల్లబడే రెండు వాల్వుల పాంతాది. దానికి అంత కీర్తి లేకపోయినా అన్నం పెట్టింది అదే. మిగెల్ గలుజ్జి గీయగా 1993లో వచ్చిన మాన్‌స్టర్ 900 సంస్థలో ఉన్న భాగాలనే ఏరి కూర్చిన బండి. దాని 904 సీసీ ఇంజిను పాంతా సంతతి. ఆ మాన్‌స్టర్ అమ్మకాలే డుకాటిని గట్టెక్కించాయి. 2014లో తెచ్చిన స్క్రాంబ్లరులోని 803 సీసీ ఇంజిను కూడా బెల్టులతో, డెస్మోతో, గాలి చల్లదనంతో అదే వంశానిది. 1979 నాటి రూపకల్పన 21వ శతాబ్దపు కాలుష్య నిబంధనలను దాటి నడవడం మామూలు సంగతి కాదు.

తాల్యోని 2001 జూలై 18న బొలోన్యాలో కన్నుమూశారు. మరో రెండేళ్లకు డుకాటి మోటోజీపీలో అడుగుపెట్టింది. ఆ బండి నాలుగు సిలిండర్ల దెస్మోసెదిచి. రెండు ఎల్ ఇంజిన్లను పక్కపక్కన చేర్చినట్టుండే 90 డిగ్రీల వీ4. అపోలోలో ఆయన వేసిన లెక్క నాలుగు దశాబ్దాలకు ఫలించింది. 2007లో కేసీ స్టోనర్ దాని మీద ప్రపంచ విజేత అయ్యారు. తర్వాత 2022, 2023లలో ఫ్రాంచెస్కో బన్యాయా, 2024లో హోర్హె మార్టిన్, 2025లో మార్క్ మార్కెజ్ గెలిచారు. పోటీదారులు స్ప్రింగుల బదులు గాలి ఒత్తిడితో వాల్వులను మూస్తుంటే డుకాటి ఒక్కటే కామ్‌తో మూస్తోంది.

రోడ్డు మీద మాత్రం పరిస్థితి మారింది. లోహశాస్త్రం ఎదిగి స్ప్రింగులు విరగడం మానేశాయి. తాల్యోనిని డెస్మో వైపు నడిపిన కారణాల్లో ఒకటి అలా పోయింది. డెస్మో కోరే తరచు సర్దుబాటు దూరప్రయాణాలు చేసేవారికి భారమైంది. 2020లో డుకాటి తన మల్టీస్ట్రాడా బండి కోసం స్ప్రింగు వాల్వుల వీ4 తెచ్చింది, వాల్వుల తనిఖీ 60,000 కిలోమీటర్లకోసారి చాలంది. అభిమానులు నొచ్చుకున్నారు. తాల్యోని అయినా ఆ పనే చేసేవారని పాంతా చరిత్రను బట్టి ఊహించవచ్చు. 2024లో ప్రకటించిన కొత్త 890 సీసీ వీ2 ఇంజిను కూడా స్ప్రింగులతోనే వచ్చింది; 90 డిగ్రీల కోణం మాత్రం అలాగే ఉంది. గరిష్ఠ వేగమే లక్ష్యమైన పానిగాలె వీ4లో డెస్మో కొనసాగుతోంది. 2023లో ప్రకటించిన 659 సీసీ హైపర్‌మోటార్డ్ మోనోతో అది తాల్యోని మొదట దాన్ని అమర్చిన ఒంటి సిలిండరుకూ తిరిగి చేరింది.